ఇంటి సోలార్‌కి బ్యాటరీ బ్యాంక్ వైరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు బోడుప్పల్‌లో. స్లాబ్ మీద ప్యానెళ్లు, మెట్ల కింద నాలుగు ట్యూబ్యులర్ బ్యాటరీలు (నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకం). మొదటిసారి పెట్టించినప్పుడు వైరింగ్ తప్పు వల్ల మంచి బ్యాటరీలు రెండేళ్లు నిండకముందే పోయాయి, తర్వాత మొత్తం విప్పి మళ్లీ కట్టించాం. అప్పటి నుంచి మా కాలనీలో, చుట్టాల్లో ఎవరు సోలార్ మాట ఎత్తినా నన్ను అడుగుతుంటారు. వాళ్లు అడిగినవే ఇక్కడ రాశాను. ప్యానెళ్ల గురించి అందరూ గంటలకొద్దీ మాట్లాడతారు, బ్యాటరీకీ బ్యాటరీకీ మధ్య ఉండే జానెడు కేబుల్ ముక్క గురించి ఎవరూ మాట్లాడరు. డబ్బు పోయేది మాత్రం అక్కడే.

మా ఇంటి మీద సోలార్ ఉంది, అయినా కరెంటు పోతే ఇల్లంతా చీకటి. బ్యాటరీ తగిలిస్తే సరిపోతుందా?

మీది ఆన్‌గ్రిడ్, అంటే వీధి కరెంటు లైన్‌కి (గ్రిడ్‌కి) కలిపిన సిస్టమ్ అయి ఉంటుంది. కరెంటు పోగానే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోవాలి, దాన్ని అలాగే తయారు చేస్తారు. ఆగకపోతే మీ ప్యానెళ్ల కరెంటు వీధి లైన్లోకి వెళ్తుంది, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్‌కి బ్యాటరీ తగిలించే చోటే ఉండదు, గ్రిడ్‌తోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్‌కి మారాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, ఆపైన ఉన్న ఇళ్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది కానీ అది గ్రిడ్‌కి కలిపిన సిస్టమ్‌కే, బ్యాటరీల ఖర్చు మనదే. నెట్ మీటర్ (మనం గ్రిడ్‌కి పంపే కరెంటుని కూడా లెక్కించే మీటర్) ఉన్న ఇంట్లో ఇన్వర్టర్ మార్చే ముందు మన కరెంటు పంపిణీ సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ ఆఫీసులో కనుక్కోండి, చెప్పకుండా మార్చకండి.

సిరీస్, ప్యారలల్ అంటే అసలు ఏమిటి?

ఒక బ్యాటరీ ప్లస్‌ని పక్క బ్యాటరీ మైనస్‌కి కలుపుతూ పోతే సిరీస్. వోల్టులు కూడతాయి, ఏహెచ్ (ఆంపియర్ అవర్, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క) అలాగే ఉంటుంది. ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలిపితే ప్యారలల్. ఏహెచ్ కూడుతుంది, వోల్టులు అలాగే ఉంటాయి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు నాలుగున్నాయనుకోండి. నాలుగూ సిరీస్ అయితే 48 వోల్టులు 150 ఏహెచ్, నాలుగూ ప్యారలల్ అయితే 12 వోల్టులు 600 ఏహెచ్, రెండేసి సిరీస్ చేసి ఆ రెండు జతల్ని ప్యారలల్ చేస్తే 24 వోల్టులు 300 ఏహెచ్. మూడింట్లోనూ నిల్వ ఉండేది 7.2 యూనిట్లే. ప్యారలల్ చేస్తే బ్యాకప్ పెరుగుతుందని ఒకరు, సిరీస్ చేస్తే పెరుగుతుందని ఇంకొకరు చెబుతుంటారు, రెండూ తప్పే. పైగా లెడ్ యాసిడ్‌లో ఆ 7.2లో రోజూ సగానికి మించి వాడితే బ్యాటరీ త్వరగా అరిగిపోతుంది కాబట్టి చేతికొచ్చేది 3.6 యూనిట్లే అనుకుని లెక్క వేసుకోండి.

కొనేటప్పుడు ఇంకో సంగతి. ఏహెచ్ పక్కన సీ10 అని ఉందా, సీ20 అని ఉందా చూడండి. సీ10 అంటే పది గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే లెక్క, సీ20 అంటే ఇరవై గంటల్లో. నెమ్మదిగా వాడితే బ్యాటరీ ఎక్కువ ఇస్తుంది, అందుకే సీ20 మీద 150 అని రాసిన బ్యాటరీ సీ10 లెక్కలో 150 ఇవ్వదు. సోలార్ బ్యాటరీలకి సీ10 రాస్తారు, మామూలు ఇన్వర్టర్ బ్యాటరీలకి సీ20. షాపులో ధర పోల్చేటప్పుడు ఈ తేడా ఎవరూ మనకి చెప్పరు.

12, 24, 48 వోల్టుల్లో ఏది మంచిది?

రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, వైఫై అంతే అయితే 12 చాలు. వెయ్యి వాట్లు దాటితే 24, రెండు వేలు దాటితే 48. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు, కారణం ఇదీ.

2,000 వాట్ల లోడ్ నడపాలంటే, ఇన్వర్టర్‌లో పోయేది పక్కన పెట్టినా, 12 వోల్టుల బ్యాంక్ నుంచి 167 ఆంపియర్లు లాగాలి. 24 అయితే 83, 48 అయితే 42. కేబుల్ వేడెక్కడం ఆంపియర్ల వర్గం మీద ఆధారపడుతుంది, అంటే అదే కేబుల్‌లో కరెంటు నాలుగింతలైతే వేడి పదహారింతలవుతుంది. అంత వేడిని తట్టుకోవాలంటే బొటనవేలంత కేబుల్, దానికి తగ్గ లగ్గులు (కేబుల్ చివర బిగించే లోహపు కొనలు), పెద్ద ఫ్యూజ్ కావాలి, అన్నీ ఖరీదే. పైగా 12 వోల్టుల్లో దారిలో అర వోల్టు పడిపోతే అది నాలుగు శాతం, 48లో ఒక్క శాతం. ఇన్వర్టర్ ఊరికే ‘లో బ్యాటరీ’ అని అరుస్తోంది, బ్యాటరీ చూస్తే నిండుగానే ఉంది అంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇన్వర్టర్ కొన్నాక వోల్టేజీ మార్చుకోలేం. అందుకే ముందు లోడ్, తర్వాత వోల్టేజీ, ఆ తర్వాతే బ్యాటరీలు. చాలామంది ఆఫర్‌లో బ్యాటరీలు కొనేసి తర్వాత వెనక్కి లెక్క వేస్తారు.

నాలుగు బ్యాటరీలూ ఒకే రోజు కొన్నాం, ఒకటే ఎందుకు ముందు పోయింది?

మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదట పెట్టినతను నాలుగింటినీ ప్యారలల్ చేసి, ఇన్వర్టర్‌కి వెళ్లే ప్లస్, మైనస్ రెండూ తలుపు వైపున్న మొదటి బ్యాటరీ నుంచే తీశాడు. చూడ్డానికి చక్కగా, పొందిగ్గా ఉంది. పద్నాలుగు నెలలకి ఆ మొదటి బ్యాటరీలో నీళ్లు వారం వారం తగ్గిపోవడం మొదలైంది, చివర ఉన్నదానిలో మాత్రం తగ్గనే లేదు. బ్యాటరీలోనే లోపం అనుకుని వారంటీ కోసం తిరిగాం. చివరికి నేను కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తెచ్చి ఒక్కో బ్యాటరీ కేబుల్‌కి తగిలించి చూస్తే అప్పుడు అర్థమైంది, మొదటిది చివరిదానికంటే దాదాపు రెట్టింపు కరెంటు మోస్తోంది.

కాగితం మీద లెక్క వేసినా అదే వస్తుంది. ఒక్కో బ్యాటరీ లోపలి నిరోధం 20 మిల్లీ ఓమ్‌లు, వాటిని కలిపే ఒక్కో ముక్కది 1.5 మిల్లీ ఓమ్‌లు అనుకోండి. నిజమైన పెద్ద బ్యాటరీల్లో రెండూ ఇంతకంటే తక్కువే ఉంటాయి కానీ ఇక్కడ చూడాల్సింది వాటి నిష్పత్తి. రెండు కేబుళ్లూ ఒకే చివర నుంచి తీస్తే, 100 ఆంపియర్ల లోడ్‌లో మొదటి బ్యాటరీ 36, రెండోది 26, మూడోది 20, నాలుగోది 18 ఆంపియర్లు ఇస్తాయి. ఛార్జింగ్‌లో కూడా ఇదే పంపకం. మొదటిది రోజూ ఎక్కువ ఖాళీ అవుతుంది, రోజూ ఎక్కువ పుచ్చుకుంటుంది, నాలుగోది సగం నిద్రలో ఉంటుంది.

ఇప్పుడు ప్లస్ కేబుల్‌ని మొదటి బ్యాటరీ నుంచి, మైనస్ కేబుల్‌ని చివరి బ్యాటరీ నుంచి తీయండి. అదే సామాను, ఒక్క కేబుల్ చోటు మారింది. అంచుల్లో ఉన్న రెండూ 27 చొప్పున, మధ్యలోవి 23 చొప్పున ఇస్తాయి. దీన్నే ఎదురు చివరల నుంచి తీయడం అంటారు. ఇంకా సమానంగా కావాలంటే రాగి బస్‌బార్లు (కేబుళ్లన్నీ బిగించే పట్టీలు) రెండు పెట్టి, ప్రతి బ్యాటరీ నుంచి బస్‌బార్‌కి ఒకే పొడవు, ఒకే మందం కేబుల్ వేయాలి. దగ్గరున్నదానికి పొట్టి ముక్క చాలు కదా అనిపిస్తుంది, వద్దు, పొడవు సమానంగానే ఉంచండి, మిగిలింది వంచి పెట్టుకోండి.

మేం రెండోసారి అసలు ప్యారలల్ జోలికే పోలేదు. నాలుగూ సిరీస్ చేసి 48 వోల్టుల ఇన్వర్టర్ పెట్టాం. సిరీస్‌లో కరెంటు వెళ్లే దారి ఒక్కటే, నాలుగింటిలోనూ ఒకటే కరెంటు పారుతుంది.

ఎన్ని వరుసల వరకు ప్యారలల్ చేయొచ్చు?

ఒకటి ఉత్తమం, రెండు పర్వాలేదు, మూడు దాటకండి. ఎక్కువ నిల్వ కావాలంటే ఎక్కువ ఏహెచ్ ఉన్న బ్యాటరీలు కొనడమే మేలు. ప్యారలల్ వరుసలు ఉంటే ఒక్కో వరుసకి విడిగా ఫ్యూజ్ ఉండాలి, లేకపోతే ఒక వరుసలో షార్ట్ అయినప్పుడు మిగతావన్నీ కలిసి దాంట్లోకి కరెంటు గుమ్మరిస్తాయి.

పాత మూడింటికి ఒక కొత్త బ్యాటరీ కలపొచ్చా?

వద్దు. సిరీస్‌లో పాతది ముందే నిండిపోయి ఉడికిపోతుంది, ముందే ఖాళీ అయిపోతుంది, కొత్తది ఎప్పుడూ పూర్తిగా నిండదు. ప్యారలల్‌లో పాతది కొత్తదాని కరెంటుని తాగుతూ ఉంటుంది. కొన్ని నెలల్లో కొత్తది కూడా పాతదాని స్థితికే వస్తుంది. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ఏహెచ్, వీలైతే ఒకే నెలలో తయారైనవి తీసుకోండి, తయారీ నెల కోడ్ ఎక్కడుందో షాపులోనే అడిగి చూసుకోండి. పెట్టిన ఆరు నెలల్లోపు ఒకటి చెడిపోతే మాత్రం అదే మోడల్‌తో మార్చుకోవచ్చు.

48 వోల్టుల బ్యాంక్‌లో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసి సీసీ కెమెరా, రౌటర్ నడుపుకోవచ్చా?

చాలా ఇళ్లలో చూశాను ఇది. ఆ ఒక్క బ్యాటరీ రోజూ మిగతా మూడింటికంటే ఎక్కువ ఖాళీ అవుతుంది, ఛార్జర్‌కి ఆ సంగతి తెలియదు, అది మొత్తం 48నే చూస్తుంది. చిన్న లోడే కదా అనుకుంటాం కానీ రౌటర్ 24 గంటలూ నడుస్తుంది. 48 నుంచి 12కి మార్చే డీసీ కన్వర్టర్ దొరుకుతుంది, దాన్ని మొత్తం బ్యాంక్ మీద పెట్టండి.

కేబుల్ ఎంత మందం ఉండాలి?

మా 2,000 వాట్ల, 48 వోల్టుల లెక్క చెబుతాను, మీ అంకెలు పెట్టి చూసుకోండి. బ్యాటరీ దిగిపోయి 44 వోల్టులకి వచ్చిందనుకుని, ఇన్వర్టర్‌లో పది శాతం పోతుందనుకుంటే 50 ఆంపియర్లు. దానికి పాతిక శాతం కలిపితే 63. 63 ఆంపియర్ల ఫ్యూజ్, 16 స్క్వేర్ ఎంఎం కేబుల్ సరిపోతాయి, నేను 25 వేయించాను, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో మెట్ల కింద గాలే 40 డిగ్రీలుంటుంది. ఇదే లోడ్ 12 వోల్టుల మీద ఉండి, ఇన్వర్టర్ రెండు మీటర్ల దూరంలో ఉంటే, 16 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లో రానూపోనూ నాలుగు మీటర్లకి 0.7 వోల్టుల పైనే పడిపోతుంది, కేబుల్ కాలిపోయేంత వేడెక్కుతుంది. అక్కడ 70 కావాలి. ఇన్వర్టర్ పుస్తకంలో ఇంతకంటే పెద్ద సైజు రాసి ఉంటే పుస్తకం మాటే వినండి.

మెత్తగా వంగే, సన్న పోగుల రాగి కేబుల్ తీసుకోండి. అల్యూమినియం వద్దు. కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లో గానీ రాణిగంజ్‌లో గానీ మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. పైన రాసిన సైజు నమ్మేయకుండా చివర కాస్త ఒలిచి రాగి ఎంత ఉందో చూడండి, పైతొడుగు మందంగా ఉండి లోపల రాగి తక్కువున్న సరుకు కూడా మార్కెట్లో ఉంది.

లగ్గులు సుత్తితో కొడితే సరిపోదా?

సరిపోదు. సుత్తితో కొట్టినా, కటింగ్ ప్లేయర్‌తో నొక్కినా పోగుల మధ్య ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోకి యాసిడ్ ఆవిరి చేరి పచ్చగా చిలుము పడుతుంది, చిలుము పడిన చోట వేడి పుడుతుంది. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో నొక్కించాలి, కేబుల్ కొన్న షాపులోనే చాలామంది నొక్కి ఇస్తారు, కొలతలు ముందే రాసుకుని వెళ్లండి. పైన హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించండి. లగ్ నేరుగా బ్యాటరీ సీసం మీద ఆనాలి, వాషర్ దాని పైకి రావాలి, మధ్యలోకి కాదు. బిగించాక వాసెలిన్ రాయండి, బిగించక ముందు కాదు. నెల తర్వాత ఒకసారి మళ్లీ పానా వేసి చూడండి, సీసం మెత్తని లోహం కాబట్టి కొద్దిగా వదులవుతుంది.

లోడ్ మీద ఉన్నప్పుడు ఒక్కో జాయింట్‌కి అటూ ఇటూ మల్టీమీటర్ పెట్టి మిల్లీవోల్టులు చూస్తే వదులుగా ఉన్నది ఇట్టే దొరుకుతుంది. మిగతా వాటిలో 5 వచ్చి ఒకదానిలో 60 వస్తే అదే దొంగ.

ఫ్యూజ్ ఎక్కడ పెట్టాలి? ఇంట్లో మిగిలిన ఎంసీబీ వాడొచ్చా?

బ్యాటరీ ప్లస్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా. ఇన్వర్టర్ పక్కన పెడితే ఈ మధ్యలో కేబుల్ ఎలక కొరికినా, గోడ అంచుకి రాసుకుని షార్ట్ అయినా ఆపేది ఏదీ ఉండదు. ఫ్యూజ్ కాపాడేది కేబుల్‌ని.

ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ వద్దే వద్దు. మన ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, స్విచ్ తెరుచుకున్నప్పుడు పుట్టే నిప్పు ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు, ఆ నిప్పు అలా వెలుగుతూ ఎంసీబీనే కాల్చేస్తుంది. డీసీ అని, మీ బ్యాంక్ వోల్టేజీకి సరిపడా రేటింగ్ అని రాసి ఉన్నదే కొనండి. కొన్ని డీసీ ఎంసీబీలకి ప్లస్, మైనస్ గుర్తులుంటాయి, అవి తిరగేస్తే పనిచేయవు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి, దానికి అంత కరెంటునీ ఆపగల క్లాస్ టీ రకం ఫ్యూజ్ పెట్టించండి.

ఏది ముందు కలపాలి?

ఛార్జ్ కంట్రోలర్‌కి (ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపు చేసేది) ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెళ్లు. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లు, తర్వాత బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కరెంటు తగిలితే కొన్ని కంట్రోలర్లు చెడిపోతాయి. పెద్ద ఇన్వర్టర్‌కి చివరి కేబుల్ తగిలించగానే ఠప్పుమని నిప్పురవ్వ వస్తుంది, లోపల కెపాసిటర్లు ఒక్కసారిగా నిండుతాయి, అందుకే. దానికి టెన్షన్ పడక్కర్లేదు కానీ ఛార్జింగ్ అవుతున్న ట్యూబ్యులర్ బ్యాటరీల దగ్గర ఆ రవ్వ రాకూడదు, అక్కడ హైడ్రోజన్ ఉంటుంది. ముందు ఒక రెసిస్టర్ ద్వారా కొన్ని సెకన్లు తాకించి, తర్వాత అసలు కేబుల్ పెడితే రవ్వ రాదు.

నేనే చేసుకోవచ్చా?

మల్టీమీటర్ వాడటం వచ్చి, ఓపిక ఉంటే బ్యాటరీల వరకు చేసుకోవచ్చు. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయండి. పానాకి పిడి పొడవునా ఇన్సులేషన్ టేప్ చుట్టండి, అది రెండు టెర్మినళ్ల మీద పడితే ఎర్రగా కాలిపోతుంది, చేయి కూడా కాలుతుంది. కళ్లకి సేఫ్టీ అద్దాలు పెట్టుకోండి. ఒక్కో ట్యూబ్యులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, ఒక్కరే ఎత్తకండి. ప్యానెళ్ల వైపు సిరీస్‌లో వోల్టులు వందల్లోకి వెళ్తాయి, అది ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి. ప్యానెల్ స్టాండ్‌కి, ఇన్వర్టర్ బాడీకి ఎర్తింగ్ కూడా అతనితోనే చేయించండి, పిడుగుల అరెస్టర్‌కి విడిగా గుంత తవ్వించండి.

బ్యాటరీలు స్లాబ్ మీద రేకుల షెడ్‌లో పెట్టొచ్చా?

హైదరాబాద్ ఎండాకాలంలో రేకుల కింద ఎంత వేడుంటుందో మనకి తెలుసు. లెడ్ యాసిడ్‌కి 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకి ఆయుష్షు సుమారు సగమవుతుంది. కింది అంతస్తులో, ఎండ పడని, గాలి ఆడే చోటు చూడండి. ట్యూబ్యులర్ అయితే పడకగదిలోగానీ పూజగదిలో దీపం దగ్గరగానీ వద్దు. హైడ్రోజన్ గాలికంటే తేలిక, పైకి పోతుంది, గాలిలో నాలుగు శాతం చేరితే అంటుకుంటుంది, అందుకే వెంటిలేటర్ పైకప్పు దగ్గర ఉండాలి. ఇన్వర్టర్‌ని బ్యాటరీల సరిగ్గా నెత్తిన బిగించకండి. కంట్రోలర్‌కి ఉష్ణోగ్రత చూసే సెన్సర్ వైరు ఉంటే దాన్ని బ్యాటరీ పక్కకి అంటించండి, డబ్బాలోనే వదిలేస్తుంటారు.

నీళ్లు ఏవి పోయాలి?

డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు, మంజీరా నీళ్లు, ఆర్వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు ఏవీ వద్దు. పూర్తిగా ఛార్జ్ అయ్యాక పోయండి. ప్లేట్లు బయటికి కనిపిస్తే మాత్రం ఆగకుండా అవి మునిగేంత వరకు ముందే పోయాలి. యాసిడ్ ఎప్పుడూ కలపకండి.

లిథియం పెడితే ఈ గొడవలన్నీ ఉండవంటున్నారు?

నీళ్ల గొడవ ఉండదు, 80 శాతం వరకు వాడుకోవచ్చు, బరువు తక్కువ. ఇంటికి ఐరన్ ఫాస్ఫేట్ రకమే తీసుకోండి. అందులో ఒక్కో సెల్ 3.2 వోల్టులు, 16 సెల్స్ కలిస్తే 51.2, 100 ఏహెచ్ ప్యాక్ అంటే 5.12 యూనిట్లు. కానీ వైరింగ్ గొడవ అలాగే ఉంది. 12.8 వోల్టుల ప్యాక్‌లని సిరీస్ చేయాలంటే లోపలి బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే సర్క్యూట్) అందుకు ఒప్పుకోవాలి, పుస్తకంలో ఎన్ని వరకు చేయొచ్చో రాసి ఉంటుంది, లేకపోతే చేయకండి. రెండు ప్యాక్‌లు ప్యారలల్ చేసే ముందు విడివిడిగా పూర్తిగా ఛార్జ్ చేసి, వోల్టులు సమానంగా ఉన్నాయని చూశాకే కలపండి, ఒకటి నిండుగా ఒకటి ఖాళీగా ఉంటే కలపగానే విపరీతమైన కరెంటు పారుతుంది. ఎదురు చివరల సూత్రం, ఒకే పొడవు కేబుల్ సూత్రం లిథియంకి ఇంకా ముఖ్యం, ఎందుకంటే దాని లోపలి నిరోధం చాలా తక్కువ, కేబుల్‌లో చిన్న తేడా కూడా పెద్దదవుతుంది. ట్యూబ్యులర్‌తో కలిపి ప్యారలల్ చేయడం అసలు వద్దు.

బోరు మోటారు నడుస్తుందా?

ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్ల చుట్టూ తీసుకుంటుంది, మొదలయ్యేటప్పుడు క్షణకాలం దానికి నాలుగైదింతలు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. మేం పగలు కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపుకుంటాం, బ్యాటరీ మీద పెట్టం.

ప్యానెళ్లు ఎన్ని వాట్లు ఉండాలి?

ట్యూబ్యులర్‌కి ఏహెచ్‌లో పదో వంతు ఛార్జింగ్ కరెంటు అందాలి. 150 ఏహెచ్‌కి 15 ఆంపియర్లు, 48 వోల్టుల బ్యాంక్‌కి అంటే 800 వాట్ల పైన, దుమ్ము, ఎండ వేడి నష్టం కలుపుకుని వెయ్యి వాట్లు పెట్టుకోండి. మన దగ్గర ఒక కిలోవాట్‌కి సగటున రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి. కంట్రోలర్ ఎంపీపీటీదే (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే రకం) తీసుకోండి.

ఏడాది తర్వాత ఏం చూసుకోవాలి?

ఛార్జింగ్ ఆఖర్లో ఒక్కో బ్యాటరీ వోల్టులు విడిగా కొలిచి పుస్తకంలో రాసుకోండి. 48 బ్యాంక్ 57.6 దగ్గర ఉంటే ఒక్కోటి 14.4 చూపాలి. ఒకటి 13.8, ఇంకోటి 15 చూపిస్తుంటే మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది కానీ లోపల రెండూ పాడవుతున్నాయి. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ చూడండి, నిండిన ట్యూబ్యులర్‌లో 1.240 దగ్గర రావాలి, ఒక సెల్ మాత్రం 1.180 దగ్గరే ఆగిపోతే డీలర్‌కి ఫోన్ చేయాల్సింది అప్పుడే, వారంటీ ఉండగానే. ఇక పూర్తిగా పోయిన వాటిని పాత సామాన్లవాడికి వేయకండి, సీసం, యాసిడ్ ఎక్కడో మోరీలో కలుస్తాయి. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే, కొత్తవి కొనే చోటే పాతవి ఇచ్చేసి ఆ డబ్బు బిల్లులో తగ్గించుకోండి.